దేముడు, తండ్రి పేరు నూకయ్య

బెంగుళూరు
12 జూన్ 1988

అనసూయక్కకి,

రిజిస్టర్ పార్సిల్లో రెండు ఫ్లాపీలు పంపుతున్నాను. రెండింటిలోనూ ఉన్నది ఒకటే. ఒకటి పాడైనా ఇంకొకటి ఉంటుందని రెండు పంపాను. లోపలి నల్లటి రేకును వేలితో ముట్టుకోకు. బావగారి రేడియో మీద పెట్టకు, అందులోని అయస్కాంతం అంతా చెరిపేస్తుంది.

మీ సేవాసంఘం క్లినిక్కుకి కలకత్తా దాత ఎవరో ఇచ్చిన కంప్యూటరు ఏడాదిగా దుప్పటి కప్పుకుని కూర్చుందని రాశావు. ఇక దానికి పని దొరికినట్టే. కార్డులన్నీ నువ్వు అందులోకి ఎక్కించాలి. ఎక్స్‌రే ఫలితాల చీటీలు మేదినీపూర్ నుంచి రాగానే అవీ ఎక్కించాలి. నెల మొదట్లో అచ్చు తీస్తే, ఊపిరితిత్తుల్లో మచ్చ ఉన్నవాళ్ళ జాబితా వస్తుంది. డాక్టర్ ఆర్థర్ గారు ఆ జాబితా చూసి మనుషుల్ని పిలిపిస్తే చాలు. పద్నాలుగు వందల కార్డులు మీరిద్దరూ కూర్చుని తిరగెయ్యక్కర్లేదు.

మొదలు నుంచి చివర దాకా నేనొక్కణ్ణే రాసిన ప్రోగ్రాము ఇదే. ఇక్కడ ఆఫీసులో తలా ఒక ముక్క ఇస్తారు. ఆ ముక్క ఎక్కడ అతుక్కుంటుందో, ఎవరు వాడతారో అడిగితే నవ్వుతారు. పరిశ్రమ పెరుగుతోందని పత్రికలు రాస్తున్నాయి. పెరుగుతున్నది తలల లెక్కే. నన్నడిగితే, ఎవరి కోసం రాస్తున్నాడో వాళ్ళని ఎరిగినవాడే ప్రోగ్రాము రాయాలి. మన ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ సందుల్లో సైకిలు తొక్కినవాణ్ణి కనుక ఇది నేను రాయగలిగాను.

ఒక్క సందేహం. నువ్వు పంపిన నమూనా కార్డుల్లో పేరు, తండ్రి పేరు, సొంతూరు, మూడూ ఒకటే అయినవి కొన్ని ఉన్నాయి. పుట్టినతేదీ చూసి తేల్చుదామంటే అందరూ జూలై ఒకటినే పుట్టారు, తేదీ తెలియనివాళ్ళకి రాసేది అదే కదా. అలాంటి వాటిని ఒకే మనిషిగా కలిపెయ్యమని ప్రోగ్రాముకి చెప్పనా? ఒక్క ముక్క జవాబు రాయి. దాన్నిబట్టి చివరి మార్పు చేసి కొత్త ఫ్లాపీలు పంపుతాను.

తమ్ముడు
శంకరనారాయణ

*

సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్
3 జూలై 1988

శంకరం,

ఫ్లాపీలు క్షేమంగా చేరాయి. రేడియోకి దూరంగా, దేవుడి పటాల వెనక దాచాను. మీ బావ చూసి హారతి కూడా ఇవ్వనా అన్నారు.

వానలు పట్టుకున్నాయి. క్లినిక్కు హాలు పైకప్పు రెండు చోట్ల కారుతోంది. కంప్యూటరును ఈ మూల నుంచి ఆ మూలకి జరిపించాను. ఆర్థర్ గారు దాన్ని చూసి, నాకంటే దీనికి మంచి చోటిచ్చారు అన్నారు. ఆయనకి కళ్ళు మందగిస్తున్నాయి, కార్డుల మీది చేతిరాత కనబడటం లేదు. జాబితా పెద్ద అక్షరాల్లో వస్తే సంతోషిస్తారు.

నువ్వడిగింది కలిపెయ్యి. మనవాళ్ళు కార్డు పారేసుకుంటారు, లేదా వానలో తడిపి తెస్తారు. నేను కొత్తది రాసిస్తాను. ఒక్కొక్కరికి మూడేసి కార్డులున్నాయి. ఆ తద్దినం నీ యంత్రం వదిలిస్తే అంతకంటే ఏం కావాలి?

సోమవారాలు జనం పెరిగారు. రైల్వే డాక్టరుకి దగ్గు చూపిస్తే అన్‌ఫిట్ రాస్తారేమోనని భయపడి వర్క్‌షాపు వాళ్ళంతా మన దగ్గరికే వస్తున్నారు. హాల్లో నిలబడి దేముడూ అని పిలిస్తే నలుగురు లేస్తారు. నేనూ నవ్వుతాను, వాళ్ళూ నవ్వుతారు. వర్క్‌షాపులో ఏ షాపు దేముడివి నాయనా అని అడిగి లోపలికి పంపుతుంటాను.

నీకు కందిపొడి కొట్టి పంపనా? అక్కడ హోటలు తిండితో ఎన్నాళ్ళు లాక్కొస్తావు?

నీ అక్క

*

బెంగుళూరు
20 జనవరి 1989

అక్కా,

కందిపొడి అయిపోయింది. అడగడానికి మొహమాటం లేదు.

రెండు నెలల కింద అమెరికాలో ఒక విద్యార్థి చిన్న ప్రోగ్రాము రాసి వదిలితే అది ఒక యంత్రం నుంచి ఇంకోదానికి పాకి వేల కంప్యూటర్లను స్తంభింపజేసిందట. మా ఆఫీసులో వారం రోజులు అదే చర్చ. కంప్యూటర్లను నమ్మకూడదని తేల్చారు అందరూ. నాకు నవ్వొచ్చింది. యంత్రం చెప్పినట్టు చేస్తుంది. తప్పు చేసేది రాసినవాడు. సరిచూసుకుని రాస్తే తప్పుకి చోటెక్కడ? నీకు పంపిన ప్రోగ్రామును నేను మూడుసార్లు మొదలంటా చదివాను.

నువ్వు ఇప్పటికీ జాబితాతో పాటు పాత కార్డులు కూడా తీసి చూస్తున్నానని రాశావు. అలా అయితే ఆ కష్టమంతా దేనికి? రెండు పడవల మీద కాళ్ళు వద్దు. కంప్యూటరు తప్పు చెప్పదు. కార్డులు కట్టలు కట్టి అటక మీద పెట్టెయ్. ఫిబ్రవరిలో ఎక్స్‌రే వ్యాను వస్తుందన్నావు కదా, అప్పటి నుంచి జాబితానే నమ్ము.

శంకరం

*

ఖరగ్‌పూర్
18 మార్చి 1990

శంకరానికి,

ఇన్నాళ్ళు ఉత్తరం రాయలేదు. ఒంట్లో బాగానే ఉంది.

క్లినిక్కులో నీ ప్రోగ్రాము ఆపేశాం. కార్డులు అటక మీద నుంచి దింపించాను. కొత్త ఫ్లాపీలు పంపవద్దు. కారణం అడగకు.

ఇప్పుడు హాల్లో పేర్లు పిలవడం లేదు. తలుపు దగ్గర అట్టముక్కల మీద అంకెలు రాసి ఇస్తున్నాను, అంకె పిలుస్తున్నాను. కిటికీ పక్క బెంచీ చివర ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంటుంది. ఎంత జనమున్నా అక్కడ కూర్చోరు. నేను అంకె చదువుతున్నప్పుడు ఆ చోటు నుంచి దగ్గు వినబడుతుంది. తలెత్తకుండా తర్వాతి అంకె పిలుస్తాను.

ఏదేదో రాస్తున్నాను. ఎండలు ముదురుతున్నాయి, అంతే.

అనసూయ

*

బెంగుళూరు
10 ఏప్రిల్ 1990

అక్కా,

కారణం అడగవద్దన్నావు. అడగక్కర్లేదు, నాకు తెలుసు. బావగారి యూనియనే కదా? కంప్యూటరు వస్తే గుమాస్తాల పొట్ట కొడుతుందని బ్యాంకుల ముందు, రైల్వే ఆఫీసుల ముందు జెండాలు పట్టుకున్న వాళ్ళు ఆఖరికి ధర్మాసుపత్రిలో ఉన్న ఒక్క యంత్రాన్నీ వదల్లేదన్నమాట. బావగారు గట్టిగా అనుంటారు, నువ్వు సరేననుంటావు. దానికి బెంచీ మీద దగ్గు, అంకెలు, ఈ కథలన్నీ దేనికి?

నాతో పనిచేసిన ఆరుగురిలో నలుగురు విమానమెక్కేశారు. నన్నూ పిలిచారు. వెళ్ళలేదు. మన జనానికి పనికొచ్చేది ఇక్కడే ఒకటి రాశానని గర్వపడ్డాను. ఆ ఒక్కటీ దుప్పటి కిందికి వెళ్ళింది.

వేసవిలో వద్దామనుకున్నాను. రావడం లేదు.

శంకరనారాయణ

*

ఖరగ్‌పూర్
2 మే 1990

శంకరం,

నువ్వు ఎలా అనుకుంటే అలాగే. మీ బావని మాత్రం ఏమీ అనకు.

అనసూయ

*

బెంగుళూరు
9 అక్టోబర్ 1994

అక్కా,

నాలుగేళ్ళుగా మన మధ్య పండగ కార్డులు, పెళ్ళి శుభలేఖలు తప్ప ఏమీ నడవలేదు. ఇది రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను.

ఈ మధ్య ఒక పత్రికలో పెద్ద వ్యాసం చదివాను. కాన్సరుకి కిరణాలతో వైద్యం చేసే యంత్రమొకటి పదేళ్ళ కింద అమెరికాలో, కెనడాలో మనుషుల్ని కాల్చింది. కొందరు చచ్చిపోయారు. కారణం దానిలోని ప్రోగ్రాము. ఒంట్లో మంట అని రోగులు చెబుతుంటే, అలా జరిగే వీల్లేదు అని తయారుచేసిన వాళ్ళు జవాబిచ్చారట. అందరూ దాన్ని ఒక వార్తలా చదివి కాంటీనుకి వెళ్ళారు. నేను ఆ పేజీ మళ్ళీ మొదటి నుంచి చదివాను. అలాంటి మాటే నేనూ రాశాను, కంప్యూటరు తప్పు చెప్పదని. ఎవరికి రాశానో గుర్తొచ్చింది.

నా పాత ఫ్లాపీలు తీశాను. 88లో నువ్వు పరీక్ష కోసం పంపిన మూడు వందల కార్డుల వివరాలు వాటిలో ఇంకా చెడిపోలేదు. నా ప్రోగ్రామును ఆ కార్డుల మీద మళ్ళీ నడిపాను. ఐదు జతల కార్డుల్ని అది కలిపేసింది. మూడు జతలు నిజంగా ఒకే మనిషివి. మిగిలిన రెండింటిలో చిరునామాలు వేరు, పనిచేసే షాపులు వేరు. అప్పుడు చూస్తే అప్పుడే తెలిసేది. నేను చూసింది ప్రోగ్రామును, అందులోని మనుషుల్ని చూడలేదు.

ఒక జత పేరు దేముడు, తండ్రి పేరు నూకయ్య. ఒకరు ఫౌండ్రీ, ఒకరు కమ్మరి షాపు.

అక్కా, 90లో నువ్వు ప్రోగ్రాము ఎందుకు ఆపావు?

శంకరం

*

ఖరగ్‌పూర్
30 అక్టోబర్ 1994

నాయనా శంకరం,

నీ ఉత్తరం చేతికొచ్చి పది రోజులైంది. మీ బావకి చూపించలేదు. ఆయనకీ సంగతి తెలియదు. నీ కోపం ఆయన మీదికి మళ్ళితే మళ్ళనిచ్చాను. నువ్వు కోపంగా ఉండటమే నాకు సులువనిపించింది. నిజం తెలిస్తే నువ్వు ఆ పని మానేస్తావని భయపడ్డాను.

89 ఫిబ్రవరిలో వ్యాను వచ్చింది. ఇద్దరు దేముళ్ళూ ఎక్స్‌రే తీయించుకున్నారు. ఇద్దరి తండ్రులూ నూకయ్యలే, ఇద్దరిదీ టెక్కలి దగ్గర ఒకే ఊరు. ఫౌండ్రీ దేముడు పొట్టి మనిషి, మాట మెత్తన. కమ్మరి షాపు దేముడు పొడుగు. పొట్టి దేముడి చీటీ ముందొచ్చింది, కుడివైపు మచ్చ అని. ఎక్కించాను. రెండు రోజులకి పొడుగు దేముడి చీటీ, ఏమీ లేదని. అదీ ఎక్కించాను. రెండూ ఒకే నంబరులోకి వెళ్ళాయి. వెనకొచ్చింది ముందుదాన్ని తినేసింది. జాబితాలో దేముడన్న పేరే లేదు.

ఏప్రిల్‌లో పొట్టి దేముడు వచ్చాడు. "అమ్మా, నా పేరు ఒచ్చినాదేటి?" అన్నాడు. కాగితం చూసి, "నీకేం లేదు నాయనా, వెళ్ళిరా" అన్నాను. ఆగస్టులో మళ్ళీ వచ్చాడు, దగ్గుతూ. కాగితం చూసి మళ్ళీ అదే చెప్పాను. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు కిటికీ పక్క బెంచీ చివర కూర్చున్నాడు. తర్వాత చూస్తే లేడు. తొంభై జనవరిలో నెత్తురు కక్కుకుని పోయాడు. భార్య దాలమ్మ, ఒక కూతురు.

దేముడు పోయాడని విన్నాను గానీ ఏ దేముడో అప్పటికి తెలియదు. పెద్దకర్మ అయిన తర్వాతి సోమవారం హాల్లోకి పొడుగు దేముడు నడిచొచ్చాడు. నేను కుర్చీలోంచి లేచిపోయాను. "నువ్వు పోయావన్నారు" అన్నాను. "ఆ దేముడు పోనాడమ్మా. నేను ఇంకో దేముణ్ణి" అన్నాడు. అప్పుడు మేదినీపూర్ నుంచి పాత ఎక్స్‌రే ఫిల్ములు తెప్పించాను. ఒకే పేరు, రెండు ఫిల్ములు. పొడుగు దేముడికి మాత్రం చెప్పాను, ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేక. అతను చాలాసేపు ఆ ఫిల్ము వైపు చూసి, "నా మంచి ఊపిరి ఆడి పేర రాసీసినారన్నమాట" అన్నాడు.

అతను కూడా ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి దాలమ్మ ఇంటికి నీళ్ళు మోసిస్తాడు, కట్టెలు కొట్టిస్తాడు. ఎందుకు చేస్తున్నాడో ఆవిడకి తెలియదు. జబ్బేమీ లేకపోయినా ప్రతి సోమవారం వచ్చి ఆ బెంచీ మీద, చివర చోటు వదిలి కూర్చుంటాడు. నేను అతనితో మాట్లాడను. అతనూ నాతో మాట్లాడడు. అతను దగ్గడు, శంకరం. అయినా దగ్గు అటు నుంచే వినబడుతుంది.

కలిపెయ్యమని రాసింది నేను. నువ్వు అడిగావు. నేను ఆలోచించకుండా రాశాను.

నీ అక్క

*

బెంగుళూరు
14 నవంబర్ 1994

అక్కా,

నీ 88 ఉత్తరం నా దగ్గరుంది. 'కలిపెయ్యి' అన్న మాట కింద ఆరు వాక్యాలు దాటగానే, దేముడూ అని పిలిస్తే నలుగురు లేస్తారని నువ్వే రాశావు. అదే నా ప్రశ్నకి అసలు జవాబు. అది చదివి నవ్వుకుని, మడిచి పెట్టేశాను. నాకు కావలసింది ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్కా ఏరుకున్నాను.

మా పరిశ్రమలో ఒక అలవాటుంది. ఏదైనా చెడితే, వాడేవాళ్ళు సరిగ్గా చెప్పలేదంటాం. నేనూ ఎన్నో సమావేశాల్లో అన్నాను. నిన్న కొత్తగా చేరిన వాళ్ళకి పాఠం చెబుతూ, పేరు మనిషి కాదు అన్నాను. రాసుకున్నారు. ఎందుకలా అన్నానో ఎవరూ అడగలేదు. దేముడి సంగతి నేనూ చెప్పలేదు. ఇప్పుడు వీళ్ళంతా రంగుల తెరల గురించి, కిటికీల్లా తెరుచుకునే బొమ్మల గురించి మాట్లాడుతుంటారు. సంవత్సరానికి రెండంకెలే దాచుకున్నాం, రెండు వేలు వస్తే ఏమవుతుందోనని కొందరు భయపెడుతున్నారు. నేను మాత్రం ప్రతి జాబితాలోనూ లేని పేరు కోసం వెతుకుతున్నాను.

జనవరి చివర వస్తున్నాను. నన్ను దాలమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. నువ్వేమీ మాట్లాడవద్దు. నేను చెబుతాను.

శంకరం

*

ఖరగ్‌పూర్
19 మార్చి 1995

శంకరం,

నువ్వు వెళ్ళి నెలన్నర దాటింది. ఈ ఉత్తరం కొంచెం నిదానంగా చదువు.

ఆ రోజు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో దాలమ్మ గడపలో పీట మీద కూర్చుని, తప్పంతా నాదమ్మా, మా అక్కకేమీ తెలియదు అన్నావు. నేను పక్కనే నిలబడి కాదనలేదు. ఆవిడ చాలాసేపు నీ చెప్పుల వైపు చూసింది. తర్వాత, "మావోడు నోరు నేనోడు బాబూ. గట్టిగా అడిగుంటే మీరు సూసుందురు. అడగనేదు, పోనాడు" అంది. నువ్వు తల వంచుకున్నావు. వాకిట్లో బిందె పట్టుకుని నిలబడ్డ పొడుగు దేముడు కూడా తల వంచుకున్నాడు. నిన్ను స్టేషనులో దింపి ఇంటికొచ్చిన దగ్గర నుంచీ నాకు అన్నం సయించలేదు.

నీకు కూడా చెప్పనిది ఒకటుంది. మొన్న అక్టోబరులో అన్నీ రాశాననుకున్నావు కదా? ఆగస్టులో అతను రెండోసారి వచ్చినప్పుడు ఊరికే వెళ్ళిపోలేదు. నేను నీకేం లేదనగానే టేబులు అంచు పట్టుకుని, "మల్లీ సూడండమ్మా. కమ్మరి షాపులో ఇంకో దేముడున్నాడు. ఆడి తండ్రీ నూకయ్యే. ఆడిదీ నాదీ కలిపీసినారేమో" అన్నాడు. ఇంత స్పష్టంగా చెప్పాడు. నా వెనక ముప్పై మంది వరస. వాన. కార్డులు అటక మీద. "కంప్యూటరు తప్పు చెప్పదు, పక్కకి జరుగు" అన్నాను. అతను జరిగాడు.

తప్పు ఎక్కడుందో మనందరికంటే ముందు కనుక్కున్నవాడు అతను, శంకరం. నీ పరిశ్రమ వాళ్ళెవరూ కాదు.

మొన్న శుక్రవారం ఒక్కదాన్నే వెళ్ళాను. దాలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. నిలబడే చెప్పాను, అతను అన్నది అన్నట్టు, నేను అన్నది అన్నట్టు. ఆవిడ చేయి ఆగిపోయింది.

"ఏటన్నాడు? మల్లీ సెప్పు."

మళ్ళీ చెప్పాను.

"ఇంకో దేముడున్నాడని సెప్పినాడా?"

"చెప్పాడు."

"టేబులు పట్టుకున్నాడా?"

"పట్టుకున్నాడు."

చేట కింద పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టేస్తే బాగుండుననుకున్నాను. ఆవిడ గోడకి ఆనుకుని, "ఐదేళ్ళు" అంది. తర్వాత మొదలుపెట్టింది, నాతో కాదు, గుమ్మంతో మాట్లాడినట్టు.

"ఐదేళ్ళబట్టీ ఆణ్ణి తిట్టుకుంటన్నాను. కూడు కాడ తిట్టినాను, ముద్ద పెట్టిన కాడ తిట్టినాను. నోరుండుంటే బతికేవోడివి గదరా అని. పిల్లకీ అదే సెప్పి పెంచినాను, మీ నాన్న నోరు నేక సచ్చినాడు, నువ్వలాగుండకని. అడిగినాడా ఆడు. అడిగినాడన్నమాట."

నా వైపు తిరిగింది. "మా పిల్ల అప్పలనర్సమ్మ సక్రదర్‌పూర్‌లో ఉంది. నువ్వు నాతోటొచ్చి, ఇప్పుడు సెప్పినావే, అలాగే ఆ పిల్లకి సెప్పు. ఒక్క మాటా ఇడవొద్దు. నేను సెప్తే అమ్మ కట్టి సెప్తంది అనుకుంటది. నువ్వే సెప్పాలి."

ఒప్పుకున్నాను. క్షమించమని అడగలేదు. అడిగే చోటు ఆవిడ మొహంలో ఎక్కడా లేదు.

పొద్దున మీ బావకి అంతా చెప్పాను. ఆయన నీ 90 ఉత్తరం అడిగి చదువుకుని, తిరిగి నా చేతికిచ్చారు. ఆర్థర్ గారికీ చెప్పాను. నేను ఆ కుర్చీలో ఇక కూర్చోనన్నాను. "అందరూ వెళ్ళిపోతే కార్డులు ఎవరు చదువుతారు?" అన్నారాయన. తిరిగొచ్చాక చూడాలి.

రేపు పొద్దున బండికి నేనూ దాలమ్మా వెళ్తున్నాం. పొడుగు దేముడు స్టేషను దాకా వస్తానన్నాడు. తోవలో తినడానికి పులిహోర చేస్తానన్నాను, ఇద్దరికీ. దాలమ్మ వద్దంది. ఎండలు కదా, ఇద్దరికీ సరిపడా మంచినీళ్ళైనా తెస్తానన్నాను.

"నీ నీల్లు నువ్వు తెచ్చుకో" అంది. "నా నీల్లు నాకున్నాయి. నా పక్కనే కూకో. ఆ మాటలు తోవలో ఇంకోపాలి సెప్పుదువు గాని."

అనసూయ